ఆ సీటు ఎవరి దగ్గరా లాక్కున్నది కాదు

మా చిన్నాయన మనవరాలికి ఐఐటీలో సీటొచ్చింది. ఏర్పేడులో ఉన్న మన తిరుపతి ఐఐటీలోనే. నిన్న తిరుపతిలో వాళ్లింటికి వెళ్తే, స్వీటు తింటూనే ఒక పెద్దాయన అన్నారు: "ఆడపిల్లల కోటా కదమ్మా, అందుకే వచ్చింది. మా మనవడికి ఈ పాప కంటే మంచి ర్యాంకు, అయినా రాలేదు." పాప తల దించుకుని లోపలికి పోయింది. పెద్దవారని అక్కడ ఏమీ అనలేకపోయాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇక్కడ చెప్తున్నా.

ఒకప్పుడు ఐఐటీల్లో చేరే వంద మందిలో అమ్మాయిలు పది మంది కూడా ఉండేవాళ్లు కాదు. అందుకని వాళ్ల వాటా 2018లో 14 శాతం, 2019లో 17, 2020లో 20 శాతం అయ్యేలా సీట్లు పెంచుకుంటూ వచ్చారు. పెంచారండీ, ఉన్నవాటిలో నుంచి తీసివ్వలేదు. ఇలా అదనంగా కలిపినవాటినే సూపర్ న్యూమరరీ సీట్లు అంటారు. పాప కూడా ఐఐటీ ప్రవేశ పరీక్షలు జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్ రెండూ రాసి, క్వాలిఫై అయ్యాకే సీటు తెచ్చుకుంది. పాప అసలు పరీక్షే రాయకపోయినా ఆ సీటు ఆ అబ్బాయికి వచ్చేది కాదు.

మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లిచ్చే ఈఏపీసెట్ పద్ధతి వేరు. అక్కడ ఉన్న సీట్లలోనే, ప్రతి కేటగిరీలో మూడో వంతు అమ్మాయిలకు పెడతారు. అమ్మాయిలు చాలకపోతే అదే కేటగిరీలో అబ్బాయిలకు ఇచ్చేస్తారు. దాని మీద వాదించేవాళ్లు వాదించవచ్చు, నేనూ వింటాను.

కానీ చిత్తూరులో పదహారేళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తున్నదాన్ని. సీట్ల లెక్క కౌన్సెలింగ్‌లో తేలుతుందని అందరూ అనుకుంటారు. అది ఇంట్లోనే తేలిపోతుంది. ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది కోచింగ్ తీసుకోవడాన్ని లాంగ్‌టర్మ్ అంటారు. "పాపకు లాంగ్‌టర్మ్ ఎందుకు మేడం, ఒక ఏడాది దండగ" అన్న తండ్రే, రెండేళ్ల తర్వాత అప్పు చేసి కొడుకుని లాంగ్‌టర్మ్‌కి విజయవాడ పంపారు. తమ్ముడి కంటే అక్కకే మార్కులు ఎక్కువ, ఇద్దరి పేపర్లూ దిద్దింది నేనే. ఇక ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్ల రోజుల్లో అమ్మాయిలు నా దగ్గరికి వచ్చి ఏడుస్తారు. తిరుపతి దాటి ఒక్క కాలేజీ కూడా పెట్టొద్దని ఇంట్లో చెప్పేసి ఉంటారు. అబ్బాయి వంద ఆప్షన్లు పెట్టుకునే చోట అమ్మాయి నాలుగు పెడుతుంది. మంచి ర్యాంకు ఉండి కూడా చిన్న కాలేజీలో తేలుతుంది.

నా సంగతీ అంతే. ఎమ్మెస్సీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీటొస్తే మా నాన్న వద్దన్నారు. తిరుపతిలో 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది. మగపిల్లలుంటారని అదీ వద్దన్నారు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అయితేనే పంపుతానన్నారు. 1983లో అది పెట్టి ఉండకపోతే నా చదువు డిగ్రీతో ఆగిపోయేది. ఈ కాలంలో ఆడవాళ్లకు వేరే యూనివర్సిటీ ఎందుకని ఎవరైనా అంటే నాకు మా నాన్న గుర్తొస్తారు. ఆయన చెడ్డవారు కాదు. భయం, అంతే. ఆ భయానికి తగిన జవాబు ఊళ్లో ఒకటి ఉంది కాబట్టి నేను చదువుకున్నాను.

అమ్మాయిలకు చదువు రాక కాదు. కేంద్ర ప్రభుత్వం 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో కాలేజీ చదువుల్లో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది అమ్మాయిలే. సైన్స్ కోర్సుల్లో అయితే అబ్బాయిల కంటే వాళ్లే ఎక్కువ. ఖరీదైన కోచింగ్, దూరపు హాస్టల్ కావాల్సిన చోటికి వచ్చేసరికి ఎందుకు తగ్గిపోతారు? ఆ డబ్బు, ఆ ధైర్యం ఇంట్లో ఎవరి మీద పెడుతున్నారో చూడండి.

నిన్న బయల్దేరే ముందు లోపలికి వెళ్లి పాప పక్కన కూర్చున్నా. ఖరగ్‌పూర్ మొదటి ఆప్షన్‌గా పెట్టుకుందట. అంత దూరమా అని ఇంట్లో తీయించేశారు. ఆ పెద్దాయన మనవడు వచ్చే వారం ఇంకో ఏడాది కోచింగ్‌కి హైదరాబాద్ వెళ్తున్నాడు.