నాజిల్ మన చేతిలో ఉంటే మోసం ఆగిపోతుందా?

తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది: "అమెరికాలోలా పెట్రోలు మనమే కొట్టుకుంటే మోసం ఉండదు. అందాకా 100, 200 అనకుండా 110, 210 అనండి. తెల్లవారుజామునే కొట్టించండి. తక్కువ పోశారని అనుమానమొస్తే ఫిల్టర్ పేపరు అడగండి."

అమెరికాలోనూ అంతటా సెల్ఫ్ సర్వీసు లేదు. న్యూజెర్సీలో 1949 నుంచి అది నిషేధం. అదలా ఉంచితే, పెట్రోలును కొలిచేది చెయ్యి కాదు, పంపు లోపలి మీటరు. అది తిరిగేకొద్దీ వెళ్లే పల్సులనే (చిన్న విద్యుత్ సంకేతాలనే) డిస్‌ప్లే లీటర్లుగా చూపిస్తుంది. 2017లో ఉత్తరప్రదేశ్ పోలీసుల ప్రత్యేక దళం ఎస్‌టీఎఫ్ బంకుల్లో పట్టుకున్న చిప్‌లు మార్చింది ఈ లెక్కనే. అలాంటి పంపు దగ్గర నాజిల్ ఎవరు పట్టుకున్నా పడేది తక్కువే.

సెల్ఫ్ సర్వీసు ఆపగలిగేది చేతివాటాన్ని. 500 అంటే 200 దగ్గర ఆపేసి, "మిగతాది కొడతా సార్" అని సున్నా చెయ్యకుండానే 300 దాకా కొట్టి వదిలేయడం పాత కిటుకు. దానికి నాజిల్ లాక్కోనక్కర్లేదు. బండి దిగి, డిస్‌ప్లే ఎదురుగా నిలబడి, సున్నా చూశాకే పొయ్యమనండి. కార్డు, ఫోన్‌పే పని తర్వాత చూసుకోవచ్చు.

పైగా మన దగ్గర బంకుకొచ్చేవి ఎక్కువ బైకులే. నాజిల్ కొసన ఉన్న చిన్న రంధ్రం పెట్రోల్లో మునిగితేనే అది టక్కున ఆగుతుంది. కారుకు ఇది బాగా పనిచేస్తుంది. బైకు ట్యాంకు నోరు వెడల్పు, లోతు తక్కువ. నాజిల్ పైపైన పెడితే ఆగేలోపే పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది. అలవాటైన కుర్రాడి చెయ్యే నయం.

ఇక 110 సంగతి. ప్రీసెట్ బటన్ ఎక్కడ ఆగాలో చెబుతుందంతే. పల్సుల లెక్కలో 5 శాతం దొంగిలిస్తే 100కూ 110కూ పోయేది అదే 5 శాతం.

తెల్లవారుజాము సలహా వినడానికి బాగుంటుంది. ఎండ నెత్తిమీదున్నా, ట్యాంకు భూమిలో ఉంటుంది కాబట్టి లోపలి వేడి రోజులో పెద్దగా మారదు. ఒక డిగ్రీ మారినా 5 లీటర్లకు తేడా 5 మిల్లీలీటర్ల చిల్లర.

ఫిల్టర్ పేపరు చూపేది కల్తీని, కొలతను కాదు. చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరాలి. కొలతకు అడగాల్సింది తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల క్యాను. "అన్నా, క్యాను తియ్యి" అంటే కాదనకూడదు. ముందు క్యానును పెట్రోలుతో తడిపి వంచేయాలి, లేదంటే గోడలకు అంటుకున్నది లోటుగా కనిపిస్తుంది. తర్వాత రూపాయల్లో కాకుండా లీటర్లలో 5 ప్రీసెట్ చేయించి, చదునైన చోట పెట్టి మెడ మీది గీత చూడండి. 25 మిల్లీలీటర్ల దాకా తేడా చట్టం ఒప్పుకుంటుంది. దాటితే బిల్లు, నాజిల్ నంబరు, టైము రాసుకుని ఆ శాఖ అధికారికో, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కో చెప్పండి.