చీమ మీద బ్రహ్మాస్త్రం

చిన్న వస్తువులను దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొనుక్కుని, బిగించి, చీమను ఫొటో తీసుకుని ఇంటికి వెళ్లిపోయేవారిని చూస్తే జాలేస్తుంది. కష్టపడకుండా దొరికిన చీమలో ఏం మహత్యం ఉంటుంది? ఎక్కడో ఆకాశంలో తిరిగే గద్ద కోసం చేసిన 70-300 మి.మీ. జూమ్ లెన్స్‌ను జానెడు దూరంలోని చీమకు గురిపెట్టడమే అసలైన తపస్సు.

ఆ జూమ్ మీదే 'మాక్రో' అని రాసి ఉంటుంది కదా అనకండి. అది సాధారణంగా 1:4, మహా అయితే 1:2. అంటే సెంటీమీటరు పురుగు సెన్సర్ మీద పావు నుంచి అర సెంటీమీటరు. మిగతాది రచయిత కల్పన.

తపస్సులో తొలి మెట్టు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, అంటే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు. 12, 20, 36 మి.మీ. మూడూ కలిపి 68. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసే మి.మీ. అంకె) భాగిస్తే పెరిగే మాగ్నిఫికేషన్ (సెన్సర్ మీది బొమ్మ అసలు సైజుకు ఎన్ని రెట్లో ఆ లెక్క) వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కైతే 1.36 పెరుగుతుంది, మన 300కి ముక్కి మూలిగితే 0.23. పైగా వెలుతురు తగ్గుతుంది. కెమెరానూ లెన్స్‌నూ కలిపే విద్యుత్ కాంటాక్టులు లేని ట్యూబులైతే చాలా ఎలక్ట్రానిక్ లెన్సుల్లో అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) మీ మాట వినదు. ఇన్ని లోపాలున్నాయి కాబట్టే భక్తులకు ఇవంటే ప్రీతి.

నిజానికి దారి వేరే ఉంది. జూమ్ ముందు +4 పవర్ క్లోజప్ లెన్స్ బిగించి, ఫోకస్‌ను ఇన్ఫినిటీలో (అనంత దూరం) పెడితే, ఆ అద్దానికి 25 సెం.మీ. దూరంలో ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది. 200 దగ్గర 0.8, 300 దగ్గర 1.2 మాగ్నిఫికేషన్. జూమ్ తిప్పితే సైజు మారుతుంది, దూరం దాదాపు మారదు. వెలుతురూ పోదు. కొనేది మాత్రం రంగులు చెదరకుండా రెండు గాజులు అతికించిన అక్రోమాట్ అయి ఉండాలి. ఒంటిగాజు ఫిల్టర్లు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చితే అంచుల్లో ఊదారంగు, మధ్యలో మంచు. అక్రోమాట్ పద్ధతి మొదటిసారికే పనిచేస్తుంది. అందుకే దీక్షాపరులు దీన్ని వెలివేశారు.

వారి ఆరాధ్యదైవం కప్లింగ్ రింగ్: రెండువైపులా మగ మరలుండే రింగ్‌తో 200 మి.మీ. దగ్గర పెట్టిన జూమ్ ముందు 50 మి.మీ. లెన్స్‌ను తిరగేసి బిగించడం. 200ను 50తో భాగించండి, 4 రెట్లు! 50ని పూర్తిగా తెరిచి ఉంచి, అపెర్చర్ 200లోనే తగ్గించాలి. అటుదిటైతే మూలలు నల్లబడతాయి. జూమ్‌ను 70 వైపు తిప్పితే చుట్టూ చీకటి, మధ్యలో చంద్రబింబం. అపెర్చర్ ఎఫ్/8లో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (స్పష్టంగా కనిపించే లోతు) సుమారు 0.03 మి.మీ. చీమ ఊపిరి పీలిస్తే చాలు, ఫోకస్ గోవిందా. పురుగుకూ గాజుకూ మధ్య నాలుగైదు సెంటీమీటర్లే మిగులుతాయి కాబట్టి దాని అభిప్రాయం కూడా తెలుస్తుంది.

ఆటోఫోకస్ ఆపేయండి. ముందు వేలాడే 50 బరువు లాగడం ఆ మోటారు పని కాదు. ఫోకస్ రింగ్ తిప్పకుండా, కెమెరానే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊపుతూ వరసగా క్లిక్ చేయండి. కెమెరా మీదే లేచే పాప్-అప్ ఫ్లాష్ వాడితే బారెల్ (లెన్స్ గొట్టం) నీడ పురుగు మీదే పడుతుంది. విడి ఫ్లాష్‌ను లెన్స్ కొసకు తెచ్చి, మధ్యలో తెల్లని ఫోమ్ షీటు పెట్టాలి. కిందికి వంచితే జూమ్ జారుతుంది, బారెల్ చుట్టూ రబ్బరు బ్యాండు వేయండి.

ఫొటో పెట్టేటప్పుడు చీమ పేరు రాయకపోయినా నేరం కాదు. కప్లింగ్ రింగ్ సైజు, రబ్బరు బ్యాండు రంగు మాత్రం తప్పక రాయాలి.