బూచాడు రాని దేశం

డిసెంబర్ చివర్లో ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న రోవనియెమి అనే ఊళ్ళో సూర్యుడు మొహం చూపించేది రోజుకి సుమారు రెండు గంటలు. జూన్‌లో ఇరవై నాలుగ్గంటలూ అక్కడే ఉంటాడు. ఈ రెండు ముక్కలూ తెలిసిన మనిషి చేతికి ఎక్సెల్ షీట్ ఇవ్వకూడదు. మావారికి ఆ రెండూ తెలుసు, ఎక్సెల్ కూడా బాగా వచ్చు.

"అద్దె రోజుకింత అని లెక్కేసుకోవడం శుద్ధ దండగ. వెలుతురున్న గంటకి ఎంత పడిందో చూడాలి" అని ఓ రాత్రి లాప్‌టాప్ నా వైపు తిప్పారు. ఆ లెక్కన డిసెంబర్‌లో వెళ్ళడం దోపిడీ, జూన్‌లో వెళ్ళడం ఉచితానికి కాస్త ఎక్కువ. "చీకటే పడని ఊళ్ళో నాలుగు రోజులంటే మనకి ఎనిమిది రోజుల కింద లెక్క" అని తేల్చారు. ఆ మిగతా నాలుగు రోజులూ ఎవరి నిద్రలోంచి వస్తాయో షీట్‌లో లేదు.

మేముండేది ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర. ఇక్కడ ఎండాకాలం మొదట్లో ఒక గురువారం చర్చి పండగ సెలవు వస్తుంది. శుక్రవారం ఒక్కటీ సెలవు పెట్టేస్తే ఆదివారం దాకా కలిసొస్తుంది. ఫిబ్రవరి నుంచే ఇంటిల్లిపాదికీ ఆ నాలుగు రోజుల మీద కన్ను పడింది. ఉత్తరానికి, చల్లటి చోటికి వెళ్దాం అన్నంతవరకు అందరిదీ ఒకటే మాట. ఆ తర్వాత ఎవరి పాట వాళ్ళది.

నేను స్టాక్‌హోమ్ అన్నాను. అక్కడి వాసా మ్యూజియం చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. 1628లో తొలి ప్రయాణానికి బయల్దేరి, సుమారు 1,300 మీటర్లు వెళ్ళి, ఊరంతా చూస్తుండగానే మునిగిపోయిన యుద్ధనౌక అది. మళ్ళీ 1961లో పైకి తీశారు. ఇదంతా ఎంతో ఉత్సాహంగా చెప్తే అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టి, "పసిపిల్లల్తో ప్రయాణం పెట్టుకుని, మునిగిపోయిన ఓడని చూడ్డానికి వెళ్తారటమ్మా ఎవరైనా?" అన్నారు. స్టాక్‌హోమ్ అక్కడే మునిగింది.

మావారు నార్వేలోని బెర్గెన్ అన్నారు. ఏడాదిలో 200 రోజులకి పైగా వాన పడే ఊరు. మా రెండున్నరేళ్ళ వాడికి రెయిన్‌కోట్ వేసే పని నాది కాబట్టి అది నేనే కొట్టేశాను. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో, పిల్లలు పేర్చుకునే లెగో ముక్కలతో కట్టిన లెగోలాండ్ పార్కు అన్నారెవరో. మా హాల్లో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే ఆ ముచ్చట తీరిపోతుంది.

చివరికి గెలిచింది ఐదేళ్ళది. కిండర్‌గార్టెన్‌లో సాంటాకి రాసిన ఉత్తరం పోస్టు చెయ్యకుండా సంచిలోనే దాచుకుంది. ఫిన్లాండ్‌లో ఉంటాడని టీచర్ చెప్పిందట, స్వయంగా ఇస్తానంటుంది. ఆ సాంటా ఊరే రోవనియెమి. డిసెంబర్‌లో అక్కడి ధరలు చూస్తే ఉత్తరంతో పాటు మా కారు కాగితాలు కూడా ఇచ్చి రావాలి. "తాత వేసవికి ఇల్లేం మారడు కదా?" అన్నారు మావారు. అక్కడి సాంటా విలేజ్ నిజంగానే ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. అత్తయ్యది షెంగెన్ వీసా, కాబట్టి ఆవిడకీ అడ్డు లేదు. టికెట్లు కొనేశాం.

ఇక షీట్ పెరగడం మొదలైంది. "రాత్రి 9.30: ఔనస్‌వారా కొండ ఎక్కుట. 11.00: నది ఒడ్డున భోజనం. 12.00: అర్ధరాత్రి సూర్యుడితో ఫ్యామిలీ ఫోటో." పిల్లలు చక్రాలున్న సూట్‌కేసులన్నట్టు, ఎటు లాగితే అటు వస్తారన్నట్టు రాసుకుపోయారు. "నిద్ర" అని ఒక గడి ఉంది, కాదనను. అందులో "వీలును బట్టి" అని ఉంది.

హెల్సింకీ దాకా విమానం, అక్కణ్ణుంచి రాత్రి రైలు. పన్నెండు గంటల ప్రయాణం. రైలు ఊపుకి పిల్లలిద్దరూ గమ్మున పడుకున్నారు. "చూశావా!" అన్నారు ఆయన. రైలు పెట్టెలో కిటికీకి మందపాటి తెర ఉందన్న సంగతి అప్పటికి ఎవరం గమనించలేదు.

మేం తీసుకున్న చెక్క ఇల్లు చూడముచ్చటగా ఉంది. పెరట్లో బర్చ్ చెట్లు, రోడ్డు దాటితే నది, కిటికీలకి తెల్లటి లేసు పరదాలు. ఆ పరదాలకి ఉన్న చిల్లుల్లోంచి రాత్రి ఎనిమిదింటికి మంచం మీద పడుతున్న ఎండని పెద్దది వేలితో లెక్కపెడుతోంది.

మన పిల్లల పెంపకం మొత్తం చీకటి ఆధారంగా నడుస్తోందని నాకు అప్పుడు తెలిసొచ్చింది. ముద్ద మింగకపోతే చందమామ. ఆట ఆపకపోతే "చీకటి పడింది, లోపలికి రా". పడుకోకపోతే బూచాడు. ఇవి తీసేస్తే అమ్మ చేతిలో మిగిలేది ఒట్టి బతిమాలడమే.

"సూర్యుడు బజ్జున్నాడు నాన్నా, నువ్వూ బజ్జోవాలి" అన్నాను, రోజూ అనే మాటే కదా అని. బుడ్డోడు లేచి కూర్చుని కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "బజ్జోలేదు. అలుగో." వాడి వేలి చివర, చెట్ల మీదుగా, మా ఊళ్ళో సాయంత్రం నాలుగింటికి ఉండేంత ఎండ.

పెద్దది అంతటితో వదల్లేదు.

"అమ్మా, బూచాడు చీకట్లోనే కదా వస్తాడు?"

"ఊఁ."

"ఇక్కడ చీకటి లేదు కదా?"

నేను మాట్లాడలేదు.

"అయితే ఈ దేశంలో బూచాడు లేడు."

ఈ శుభవార్త మరుక్షణంలో తమ్ముడికి చేరిపోయింది. ఇద్దరూ మంచం మీద గెంతడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే పక్కింటి పెరట్లోంచి కేరింతలు వినిపించాయి. చూద్దును కదా, ముగ్గురు పిల్లలు ట్రాంపొలిన్ మీద ఎగురుతున్నారు. టైమ్ పదిన్నర. ఏ పెద్ద మనిషీ బయటికొచ్చి ఒక్క కేక వెయ్యలేదు. "వాళ్ళమ్మ మంచిది" అంది మా అమ్మాయి.

ఆ ఇంట్లో ఆ రాత్రి నిద్రపోయింది అత్తయ్య ఒక్కరే. ఆవిడ పద్ధతి వేరు. వెళ్ళిన సాయంత్రమే దేవుడి దీపం పెడదామని "ఒరేయ్, ఇక్కడ సూర్యాస్తమయం ఎన్నింటికిరా?" అని అడిగారు. మావారు ఫోన్ చూసి, కాసేపు తటపటాయించి, "జూలై మొదటి వారంలో అమ్మా" అన్నారు. అత్తయ్య ఆయన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, తన చేతి గడియారం వైపు తిరిగారు. ఆవిడ ఏ దేశం వచ్చినా ఆ గడియారం రాజమండ్రి టైమే చూపిస్తుంది. అక్కడ ఆరున్నర దాటి ఐదు నిమిషాలకి పొద్దు గుంకుతుంది. ఇక్కడ సాయంత్రం నాలుగూ ఐదు. దీపం అప్పుడే వెలిగింది. రాజమండ్రిలో పదైనప్పుడు, అంటే ఇక్కడ ఏడున్నరకి, కొంగు కళ్ళ మీదుగా ముసుగు తన్ని పడుకున్నారు. శనివారం రాత్రి ఆవిడ అన్నం ముట్టరు, టిఫినే. "రాత్రే లేదు కదమ్మా, అన్నం తినెయ్" అని కొడుకు తెలివి చూపించబోయాడు. "నీ రాత్రి లేకపోతే పోయింది, నా రాత్రి నాకుంది" అని గోధుమరవ్వ ఉప్మా, అక్కడి కొట్లో దొరికిన పీమా అనే మజ్జిగతో తృప్తిగా కానిచ్చారు. ఆ పీమా మన పుల్ల మజ్జిగకి సొంత చెల్లెలే. ఇంట్లో మరే సంగతీ నచ్చకపోయినా అత్తయ్య దాన్ని మాత్రం ఇప్పటికీ తలుచుకుంటారు.

పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టుకునేటప్పుడే ఒక్క ఇబ్బంది. రాత్రంతా ఆకాశం చుట్టూ ప్రదక్షిణ చేసి వచ్చిన సూర్యుడు ఎటు ఉదయించినట్టు? అర్ధరాత్రి దాటి ఒంటిగంటంపావుకి అక్కడ సూర్యుడు బాగా కిందికి దిగి సరిగ్గా ఉత్తరాన ఉంటాడు. ఆ దృశ్యం నేను కళ్ళారా చూశాను, బుడ్డోణ్ణి భుజాన వేసుకుని వరండాలో తిప్పుతూ. అద్భుతం అంటారు అందరూ. అయ్యుండొచ్చు. దోమలు కూడా ఉన్నాయి.

షీట్‌లో రాసుకున్న కొండ ఎక్కలేదు. అర్ధరాత్రి ఫోటోకి మాత్రం అందరం సిద్ధంగానే ఉన్నాం, మావారు తప్ప. ఆయన సోఫాలో కూర్చుని, చేతిలో లాప్‌టాప్‌తో, గురక పెడుతున్నారు.

మర్నాడు సాంటా విలేజ్. ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. ఆర్కిటిక్ వలయం ఇక్కడే అని నేల మీద గీత గీశారు. అసలు వలయం ఏటా 14, 15 మీటర్ల చొప్పున ఉత్తరానికి జరిగిపోతూనే ఉంటుందని మావారు వివరిస్తుంటే వినడానికి మెలకువగా ఉన్నది ఎవరూ లేరు. మంచు లేదు. పచ్చ గడ్డి, ఎండ, బొచ్చు ఊడుతున్న రెయిన్‌డీర్లు. పెద్దది వాటిని చూసి, "వీటికి ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

సాంటా గదిలో చల్లగా, చీకటిగా, హాయిగా ఉంది. చీకటి! బుడ్డోడు అడుగు పెట్టిన అరనిమిషంలో నా భుజం మీద పడి నిద్రపోయాడు. మావారు గోడకి ఆనుకున్నారు, కళ్ళు మూతలు పడుతున్నాయి. పెద్దది ఒక్కతే ఉత్తరం చేతికిచ్చి, నిలబడి, సూటిగా అడిగింది.

"నువ్వు రాత్రి వస్తావన్నారు. మీ ఊళ్ళో రాత్రే లేదు కదా?"

ఆయన గడ్డం నిమురుకుని, వేసవిలో తనక్కూడా నిద్ర పట్టదని, అందుకే డిసెంబర్ దాకా ఆగుతానని చెప్పాడు. ఆయన్ని చూడ్డానికి డబ్బు తీసుకోరు. ఫోటోకి తీసుకుంటారు, బాగానే తీసుకుంటారు. మా ఫోటోలో మెలకువగా ఉన్నది ఇద్దరే, సాంటా, మా అమ్మాయి. అత్తయ్య కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. ఆ గడ్డం చూసి ఆవిడ ఏమనుకున్నారో అడగలేదు.

శనివారం రాత్రికి నాకు ఓపిక అయిపోయింది. ఇంట్లో చీకటి తయారు చెయ్యాలని నిర్ణయించాం. చపాతీలు చుట్టుకొచ్చిన అల్యూమినియం ఫాయిల్ సాపు చేసి కిటికీ అద్దానికి అతికించాం, సగానికే వచ్చింది. మిగతా సగానికి అత్తయ్య ముదురు నీలం వెంకటగిరి చీర నాలుగు మడతలు పెట్టి కట్టాం. "జాగ్రత్తరా, మూడు వేలు పెట్టి కొన్న చీర" అంటూనే ఉన్నారు ఆవిడ. పై సందుకి నా కోటు, పక్క సందుకి మావారి ప్యాంటు. లైటు తీసేసి చూస్తే చీర జరీ పువ్వులన్నీ ఎండకి వెలిగిపోతున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు మావారికి తట్టింది, ఈ ఇంట్లో కిటికీ లేని గది ఒకటుందని. సౌనా, అంటే వేడి ఆవిరి స్నానాల గది. 56 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో దాదాపు 30 లక్షల సౌనాలు ఉంటాయంటారు, 2020లో యునెస్కో కూడా ఆ ఆచారానికి పెద్దపీట వేసింది. చిన్న చెక్క గది, రెండు మెట్ల బల్లలు, మూలన రాళ్ళ పొయ్యి. వచ్చిన దగ్గర్నుంచి మేం దాన్ని ముట్టించనే లేదు. మావారు ముందు పొయ్యికి కరెంటు తీసేశారు, స్విచ్ మీద టేపు వేశారు, ఆ టేపు మీద ఇంకో టేపు వేశారు. తలుపు ఓరగా పెట్టి చూశాం. లోపల కారు చీకటి! మన ఊళ్ళో కరెంటు పోయినప్పటి చీకటి!

పరుపు కింద పరిచాం. పిల్లలిద్దర్నీ పడుకోబెట్టి నేను మొదటి మెట్టు మీద కూర్చున్నాను. కాసేపు నిశ్శబ్దం.

"అమ్మా" అంది పెద్దది, గొంతు తగ్గించి. "ఈ గదిలోకి బూచాడు వస్తాడా?"

"వస్తాడు తల్లీ" అన్నాను. ఎంత ఆనందంగా అన్నానో! రెండు నిమిషాల్లో ఇద్దరూ నిద్రపోయారు. ఆ వెనకే మావారు పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద.

ఆదివారం పొద్దున తాళాలు తీసుకోవడానికి ఇంటి తాలూకు ఆవిడ రావాల్సింది పదింటికి. వచ్చింది పదింటికే. మాకే తెల్లారలేదు. అత్తయ్య తలుపు తీసి, భాష రాక, నవ్వి, ఆవిణ్ణి తిన్నగా సౌనా దగ్గరికి తీసుకొచ్చి మా కుటుంబాన్ని చూపించారట. నేను కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో తెల్ల జుట్టు ఆవిడ, పక్కన అత్తయ్య. మావారు పై మెట్టు మీద నుంచి దిగబోయి తల కొట్టుకున్నారు.

ఆవిడ గదిలోకి తొంగి చూసింది. పరుపు, పాలసీసా, టేపు వేసిన స్విచ్, బల్ల మీద లాప్‌టాప్. ఏమీ అనలేదు. ఫిన్లాండ్ వాళ్ళు అంత త్వరగా ఏమీ అనరు. పిల్లలకి నిద్ర పట్టలేదని, అందుకే ఇలా చేయాల్సొచ్చిందని నేను ఇంగ్లీషులో ఏదో సర్ది చెప్పుకొచ్చాను. "మరి మీ పిల్లలు వేసవిలో ఎలా పడుకుంటారండీ?" అని కూడా అడిగాను.

ఆవిడ కాసేపు నిజంగానే ఆలోచించింది.

"నవంబర్‌లో పడుకుంటారు" అంది.

నేనది తెలుగులోకి మార్చి చెప్పాను. అత్తయ్య గడియారం చూసుకుని, "ఈవిడా నాలాంటిదే" అన్నారు.