శాలువా కప్పాక ఒక ప్రశ్న

ఉగాదికో దీపావళికో అమెరికాలోని మన తెలుగు సంఘం వేదిక మీదికి రాష్ట్ర శాసనసభ్యులు వస్తుంటారు. శాలువా కప్పుతాం, జ్ఞాపిక అందిస్తాం, పిల్లలతో ఫోటో తీయిస్తాం. వారు మన సంస్కృతి గురించీ మన కష్టపడే గుణం గురించీ నాలుగు మంచి మాటలు చెప్పి సెలవు తీసుకుంటారు. పదిహేనేళ్లుగా ఈ సభలు చూస్తున్నాను. "ఈ ఏడాది మీరు ఏ బిల్లు కోసం పట్టుబట్టారు?" అని మనలో ఎవరైనా అడగగా నేను వినలేదు. నేనూ అడగలేదు.

మన చూపంతా వాషింగ్టన్ మీదే ఉంటుంది. హెచ్‌-1బీ, గ్రీన్ కార్డు, వీసా గడువు ఇవన్నీ అక్కడే తేలాలి కాబట్టి అది సహజమే. కానీ పొద్దున కుళాయి తిప్పితే వచ్చే నీరు, మూలమలుపు దగ్గరకు వచ్చే బస్సు, ఏటేటా పెరిగే అద్దె, పిల్లలు దాటే వీధిలో కార్ల వేగం, వీటిలో చాలా భాగం రాష్ట్ర శాసనసభలో నిర్ణయమవుతుంది. మన దేశంలో ఎమ్మెల్యే ఇంటి ముందు తెల్లవారేసరికే జనం చేరతారు. ఇక్కడ అదే పదవిలో ఉన్నవారి పేరు అడిగితే మనలో చాలామందిమి తడుముకుంటాం.

నగర నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించే శాసనసభ్యులు వేటికి ముందు పూనుకోవాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నగరపాలక సంస్థ చేయాలనుకున్నా తనంత తాను చేయలేని పనులకు. రోడ్డు మీద గుంత పూడ్చడానికి మేయర్ ఉన్నారు, చెత్త ఎత్తించడానికి కౌన్సిల్ ఉంది. రాష్ట్ర సభలో కూర్చున్నవారు ఆ హామీలే ఇస్తే వారి ఓటు వృథా అయినట్టే. వారు మాత్రమే విప్పగల ముడులు వేరే ఉన్నాయి.

అమెరికా రాజ్యాంగంలో నగరాల ప్రస్తావన లేదు. నగరానికి రాష్ట్రం ఇచ్చినంత మేరకే అధికారం ఉంటుందని అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో తీర్పు చెప్పారు. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు తమ నగరాలకు స్వేచ్ఛ పెంచాయి, కొన్ని బిగించాయి. ఎనభై లక్షలకు పైగా జనం ఉన్న న్యూయార్క్ నగరం కూడా తన వీధుల్లో వేగపరిమితిని గంటకు 25 మైళ్ల కంటే తగ్గించాలంటే చాలాకాలం రాష్ట్ర రాజధాని ఆల్బనీ ముందు చేయి చాచవలసి వచ్చింది. 2013లో బ్రూక్లిన్‌లో పన్నెండేళ్ల బాలుడు వాహనం కింద పడి మరణించాడు. తల్లిదండ్రులు, వారితోపాటు అలాంటి శోకమే అనుభవించిన కుటుంబాలు ఏళ్లతరబడి శాసనసభ చుట్టూ తిరిగారు. వేగాన్ని 20 మైళ్లకు తగ్గించుకునే అధికారం నగరానికి 2024లో గానీ దక్కలేదు. ఆ చట్టాన్ని ఆ బాలుడి పేరుతోనే పిలుస్తారు. పదేళ్లకు పైగా పట్టింది! బడుల దగ్గర వేగాన్ని పట్టే కెమెరాలదీ ఇదే కథ. 2018 వేసవిలో రాష్ట్ర సెనేట్ గడువు పొడిగించకుండా సమావేశాలు ముగించడంతో కెమెరాలకు అనుమతి లేకుండా పోయింది. రాత్రిళ్లూ వారాంతాల్లోనూ అవి పనిచేయడానికి చట్టం ఒప్పుకున్నది 2022లో. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒక సమావేశం నుంచి మరో సమావేశానికి, ఒక ఏడాది నుంచి మరో ఏడాదికి ఎదురుచూడవలసి రావడం నన్ను కలచివేస్తుంది. ఏ నగర సభ్యుడి జాబితాలోనైనా ఇలాంటి బిల్లు మొదటి వరసలో ఉండాలి. దానికి పెద్దగా ఖర్చు కూడా లేదు.

నీటి సంగతి ఇంకా లోతైనది. మిషిగన్‌లో ఆర్థికంగా కుంగిన నగరాలకు రాష్ట్రమే అత్యవసర అధికారిని నియమించే చట్టాన్ని 2012 నవంబరులో ప్రజలు ఓటు వేసి తిరస్కరించారు. మరుసటి నెలలోనే శాసనసభ దాదాపు అలాంటిదే మరో చట్టం చేసింది. అందులో నిధుల కేటాయింపు చేర్చింది. అలా చేర్చిన చట్టాన్ని ఆ రాష్ట్రంలో ప్రజాభిప్రాయ ఓటుకు పెట్టడానికి వీల్లేదు. అలాంటి అధికారి పాలనలో ఉండగానే 2014 ఏప్రిల్‌లో ఫ్లింట్ నగరం డెట్రాయిట్ నీటిని వదిలి ఫ్లింట్ నది నీటికి మారింది. నీరు గొట్టాలను తినేయకుండా కలపవలసిన రసాయనం కలపలేదు. పాత సీసపు గొట్టాల నుంచి సీసం నీటిలోకి దిగింది. లక్షమంది ఊరు అది. మిషిగన్ రాజధాని లాన్సింగ్‌లో పడిన ఓట్లకూ ఫ్లింట్ తల్లులు పాలడబ్బాలో కలిపిన నీళ్లకూ మధ్య దూరం ఏడాదిన్నర మాత్రమే.

సీసపు గొట్టాలు ఒక్క ఫ్లింట్‌లోనే లేవు. షికాగోలో వీధి గొట్టం నుంచి ఇంటికి నీరు తెచ్చే సీసపు గొట్టాలు దాదాపు 4 లక్షలు. 1986లో ఫెడరల్ నిషేధం వచ్చేదాకా ఆ నగర నిబంధనలే సీసం వాడమన్నాయి. నాకు ఆశ కలిగించినది న్యూజెర్సీలోని న్యూఆర్క్. 2019 తర్వాత సుమారు మూడేళ్లలో ఆ నగరం 23 వేలకు పైగా గొట్టాలు మార్చింది, ఇంటివారి నుంచి ఒక్క డాలరు తీసుకోకుండా. అక్కడ అద్దె ఇళ్లు ఎక్కువ. యజమాని ఎక్కడో ఉంటాడు, ఫోను ఎత్తడు, సంతకం పెట్టడు. అందుకని యజమాని సమ్మతి లేకపోయినా గొట్టం మార్చేలా నగరం నిబంధన తెచ్చింది. 2021లో న్యూజెర్సీ శాసనసభ రాష్ట్రమంతటా పదేళ్లలో సీసపు గొట్టాలు మార్చాలని చట్టం చేసింది. గొట్టం ఒక భాగం వీధిలో, మరో భాగం ఇంటి స్థలంలో ఉంటుంది. ఆ రెండో భాగం ఖర్చు ఎవరిదన్న దగ్గరే చాలా ఊళ్లలో పని ఆగిపోతుంది. ఆ ప్రశ్నకు చట్టంలో జవాబు రాయవలసింది శాసనసభ్యులే.

ఇక బస్సు. దీని గురించి నేను తటస్థంగా మాట్లాడలేను. మా అమ్మ ఆరు నెలలు నా దగ్గర ఉండటానికి వచ్చినప్పుడు మొదటి రెండు వారాలు కిటికీ దగ్గరే కూర్చుంది. మూడో వారం ఇంటి ముందు బస్సు నంబరు కంఠస్థం చేసి ఒక్కతే గ్రంథాలయానికి వెళ్లివచ్చింది. ఆ సాయంత్రం ఆమె నడకే మారింది. "నిన్ను అడగకుండా ఊరు తిరిగొచ్చానమ్మా" అంది. తర్వాతి ఏడాది ఆమె మళ్లీ వచ్చేసరికి ఇరవై నిమిషాలకొకటి వచ్చే ఆ బస్సు నలభై నిమిషాలకొకటి అయింది. చలిలో నలభై నిమిషాలు నిలబడటం డెబ్భై ఏళ్ల మనిషికి సాధ్యం కాదు. అమ్మ మళ్లీ కిటికీ దగ్గరకు చేరింది.

ఆ ఇరవై నిమిషాలు ఎక్కడ పోయాయో చూడబోతే రాష్ట్ర బడ్జెట్‌లో తేలాయి. పెద్ద నగరాల్లో చాలావాటి బస్సులూ రైళ్లూ రాష్ట్ర నిధుల మీద ఆధారపడి నడుస్తాయి. 2025 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో బడులు తెరిచే సమయానికి 32 బస్సు మార్గాలు ఆగిపోయాయి. పెన్సిల్వేనియా రాజధాని హారిస్‌బర్గ్‌లో నిధుల మీద ఒప్పందం కుదరకపోవడమే కారణం. మూలధనం కోసం, అంటే నిర్మాణాలూ కొనుగోళ్ల వంటి పెద్ద ఖర్చుల కోసం, దాచిన డబ్బు వాడుకోవడానికి అనుమతి వచ్చాక గానీ అవి తిరిగి రాలేదు. న్యూయార్క్‌లో మన్‌హట్టన్ రద్దీ ప్రాంతంలోకి వచ్చే కార్ల నుంచి రుసుము తీసుకుని ఆ డబ్బును రైళ్లకూ బస్సులకూ పెట్టాలన్న ఆలోచన 2008లో శాసనసభలో ఓటింగు దాకా కూడా రాలేదు. 2019లో చట్టమైంది, 2025 జనవరి 5న అమలులోకి వచ్చింది. ఆ పదిహేడేళ్లు బస్టాపులో నిలబడినవారి లెక్క ఎవరు కట్టారు? బస్సుకు ఏటేటా అడుక్కోనక్కరలేని స్థిరమైన నిధి కల్పించడం నా దృష్టిలో నగర శాసనసభ్యుల పనులన్నిటికంటే ముందుది. హైదరాబాద్‌లో పుట్టి ఇప్పుడు మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న అరుణా మిల్లర్ మాంట్‌గోమరీ కౌంటీ రవాణా విభాగంలో ఇంజినీరుగా పనిచేసి, 2010లో ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. మనలో ఇంజినీర్లకు కొదవ లేదు. వీధి లెక్కలు తెలిసినవారు చట్టసభకు వెళ్లడం మనం ప్రోత్సహించవలసిన సంగతి.

ఇళ్ల గురించి కొద్దిగానే చెబుతాను. అద్దెల మీద నగరాలు సొంతంగా పరిమితి పెట్టకూడదని ముప్పైకి పైగా రాష్ట్రాలు నిషేధించాయి. అద్దె నియంత్రణ మంచిదా కాదా అన్న వాదనలో రెండు వైపులా బలముంది. కానీ ఆ వాదన జరిపే హక్కు కూడా ఊరికి లేకపోవడం అన్యాయం. అయితే రాష్ట్రం జోక్యం ఎప్పుడూ చెడ్డదని నేననను. ఒకే కుటుంబం ఉండే ఇళ్లు తప్ప మరేవీ కట్టకూడదన్న స్థానిక నిబంధనలను ఒరెగన్ 2019లో చాలా నగరాల్లో తొలగించింది. ప్రధాన రవాణా స్టేషన్లకు అర మైలు లోపు కట్టే చాలా భవనాలకు పార్కింగ్ తప్పనిసరి కాదని కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. పొరుగువారి అభ్యంతరాలకు జంకి నగర కౌన్సిళ్లు చేయలేకపోయిన పనులవి. ఇళ్లు పెరగాలంటే అలాంటి ధైర్యం కావాలి.

"మాకు ఓటు లేదు కదా" అని మనలో చాలామంది అంటారు. గ్రీన్ కార్డు వరసలో పదేళ్లు, పదిహేనేళ్లు గడిపినవారి మాట అది, అందులోని బాధ నాకు తెలుసు. కానీ 2016లో టెక్సస్ నుంచి వచ్చిన కేసులో, నియోజకవర్గాలను ఓటర్లతో కాక మొత్తం జనాభాతో లెక్కించి గీయవచ్చని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వీసా మీద ఉన్నవారు, వారి పిల్లలు అందరూ ఆ లెక్కలో ఉన్నారు. ఆ సభ్యుడి కుర్చీలో మన వంతూ ఉంది. కమిటీ విచారణలో మాట్లాడటానికి సాధారణంగా పౌరసత్వం అడగరు. పేరు నమోదు చేసుకుంటే రెండు మూడు నిమిషాలు ఇస్తారు. నేను గత ఏడాది బస్సు నిధుల మీద అలా మాట్లాడాను. నా ముందు ఒక నర్సు, నా తర్వాత వీల్‌ఛైర్‌లో వచ్చిన ఒక పెద్దాయన. కమిటీ సభ్యురాలు ఒకరు తలెత్తి, ఆ బస్సు నంబరు మళ్లీ చెప్పమని అడిగి రాసుకున్నారు.

ఈ ఉగాది సభకు మా నియోజకవర్గం శాసనసభ్యురాలు వస్తున్నారు. శాలువా కప్పే బాధ్యత నాకిచ్చారు. కప్పాక మైకు పక్కకు వెళ్లను. మన ఊరిలో ఇంకా ఎన్ని ఇళ్లకు సీసపు గొట్టాలున్నాయి, వాటి ఖర్చు ఎవరు భరిస్తారు, మా అమ్మ ఎక్కే బస్సు మళ్లీ ఇరవై నిమిషాలకొకటి రావాలంటే ఏ బిల్లు ఏ కమిటీలో ఆగి ఉంది, అని అడుగుతాను. అమ్మ మేలో మళ్లీ వస్తోంది.