చందుపట్ల రాయి, గన్నారెడ్డి గుర్రం

వరంగల్‌లో ఒక ఇంటి వరండాలో జరిగిన వాదం ఇది. వాదించినవారిలో ఒకరు జీవితమంతా బడిలో తెలుగు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. రెండోవారు ఆయన దగ్గరే పదో తరగతి చదివి, ఇప్పుడు డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతున్న లెక్చరర్. నెల కిందట ఇద్దరూ పుస్తకాలు మార్చుకున్నారు. ఆయన ఆమెకు అడివి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’ ఇచ్చారు. ఆమె ఆయనకు శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి కాకతీయుల గురించి రాయగా 1978లో అచ్చయిన చరిత్ర గ్రంథం ఇచ్చింది. రుద్రమదేవిని తెలుసుకోవాలనుకునే పాఠకుడి చేతిలో ముందుగా ఏ పుస్తకం పెట్టాలన్నది రెండూ చదివాక కూడా వారి మధ్య తేలలేదు.

సారు: నీవిచ్చిన పుస్తకం చివరి పేజీ దాకా చదివానమ్మా. ఆ పరిశ్రమకు చేతులెత్తి నమస్కరిస్తాను. కాని ఒక్క మాట అడుగుతాను. పుస్తకం మూశాక రుద్రమదేవి ముఖం నా కళ్ల ముందు నిలవలేదు. ఏ సామంతుడు ఏ ఊరి గుడికి ఎంత భూమి ఇచ్చాడో తెలిసింది, ఏ శకవర్షం ఏ సంవత్సరానికి సరిపోతుందో తెలిసింది; కాని ఆడపిల్లగా పుట్టి, రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టుకొని సింహాసనం ఎక్కవలసి వచ్చిన మనిషి లోపల ఏం జరిగి ఉంటుందో ఒక్క వాక్యం కూడా దొరకలేదు. బాపిరాజు చిత్రకారుడు కూడా కనుక ఆయన నవలలో ఓరుగల్లు కోటగోడ, గుర్రం మీది జీను, ఆడవాళ్ల మెడలోని హారాలు అన్నీ రంగులతో సహా కనిపిస్తాయి. పదిహేనేళ్ల వయసులో నేను ఆ నవల చదివాకనే మొదటిసారి ఖిలా వరంగల్ వెళ్లి కీర్తితోరణాల కింద నిలబడ్డాను. నీ పుస్తకం చదివి ఏ పిల్లవాడు కోట చూడటానికి బయలుదేరుతాడు?

లెక్చరర్: నేనూ నవలను రెండు రాత్రులు నిద్ర మానుకొని చదివాను సార్. పెళ్లికొడుకును గన్నారెడ్డి ఎత్తుకుపోయే ఘట్టం దగ్గర పుస్తకం కింద పెట్టలేకపోయాను. నా బాధ కూడా అక్కడే మొదలైంది. మా తరగతిలో గోన గన్నారెడ్డి ఎవరని అడిగితే ప్రతి చేయీ లేస్తుంది. రుద్రమదేవి కోసం గజదొంగ వేషం వేసిన వీరుడని అందరూ చెబుతారు. నవల చదవనివాళ్లు కూడా 2015లో వచ్చిన సినిమా చూసి అదే చెబుతారు. కాని ఆ గన్నారెడ్డి, అంటే గోన గన్నయ, శాసనాల్లో గట్టిగా కనిపించేది రాయచూరు కోటగోడ మీద, 1294లో. అప్పటికి రుద్రమదేవి లేదు, ప్రతాపరుద్రుడు రాజ్యం చేస్తున్నాడు. గన్నయ సేనాని విఠలనాథుడు ఆ కోట కట్టించి, అంత పెద్ద రాతి మీద శాసనం చెక్కించాడు. ఆ రాయి నలభై అడుగుల పైచిలుకు పొడవుంటుంది. అక్కడ గన్నయ దొంగ కాడు, కాకతీయుల కింద సరిహద్దు కాసిన సామంతుడు. నిజంగా ఉన్న మనిషిని తీసుకొని, ఆయన చేసిన పని పక్కన పెట్టి, చేయని పని అంటగట్టడం నాకు అన్యాయమనిపించింది.

సారు: అన్యాయమన్న మాట పెద్దదమ్మా. గోన వంశం వర్ధమానపురం ఏలిందని, రంగనాథ రామాయణం రాసిన బుద్ధారెడ్డి ఆ వంశంవాడేనని పండితులకు తెలుసు. పండితులు కానివాళ్లకు ఆ వంశం పేరు చేర్చిందెవరు? బాపిరాజు కాదా? ఆయన ఆ పేరును అటకమీది నుంచి దించి, దుమ్ము దులిపి, గుర్రం ఎక్కించాడు. నీవు రాయచూరు రాయి సంగతి చెప్పినప్పుడు నేను ఆసక్తిగా విన్నానంటే, గన్నారెడ్డి అనే పేరు నా మనసులో ముందే ఉండబట్టి విన్నాను. పేరు కూడా తెలియని సామంతుడి కోటరాయి పొడవెంతైతే నాకేమిటి?

లెక్చరర్: ఆసక్తి నవల వల్ల పుడుతుందన్నది నేను కాదనను. అయితే పుట్టిన ఆసక్తి అక్కడే కాపురం పెట్టేస్తోంది సార్, ముందుకు కదలడం లేదు. మీరు కోట చూడటానికి వెళ్లారు. మీతోపాటు ఆ నవల చదివినవారిలో ఎంతమంది ఆ తరువాత ఒక్క శాసనమైనా చదివారు? మీ మాటే చెప్పండి, నేను పుస్తకం ఇచ్చేదాకా మీరు చదివారా?

సారు: చదవలేదు. అది ఒప్పుకుంటాను. అయితే తప్పు నాది, నవలది కాదు.

లెక్చరర్: తప్పు మీది కూడా కాదు సార్. శాసనాలు పండితుల సంపుటాల్లో ఉండిపోయాయి, చరిత్ర గ్రంథం ఇంగ్లీషులో వచ్చింది, నవల మాత్రం ఊరూరా గ్రంథాలయాల్లో దొరికింది. కాని మీరు ముఖం కనిపించలేదన్నారు కదా, దానికి జవాబు చెబుతాను. గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి ఆమె తండ్రి గణపతిదేవుడు మందడం గ్రామాన్ని ఇస్తానని చెబితే, రుద్రమదేవి ఆ దానాన్ని స్థిరపరచి వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. అదే వెలగపూడి, నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి. ఆ ఊళ్ల ఆదాయంతో గుడి, మఠం, విద్యార్థులకు భోజనం, వైద్యశాల నడిచాయి. వాటితోపాటు ప్రసూతిశాల కూడా నడిచింది. దాదాపు ఏడున్నర శతాబ్దాల కిందట, ఆడవాళ్లు పురుడు పోసుకోవడానికి ఒక చోటు ఉండాలని రాతిమీద రాయించారు. పెట్టిన అన్నసత్రంలో చండాలుడి వరకు ఎవరు వచ్చినా అన్నం పెట్టాలని కూడా రాశారు. రుద్రమదేవి నవలలో కత్తి పట్టుకొని గుర్రమెక్కింది, సినిమాలో ఏనుగెక్కింది. పురిటి గదికి ఊరిచ్చిన రుద్రమదేవిని మాత్రం ఏ నవలాకారుడూ నాకు చూపించలేదు. నాకు ఆమె ముఖం కనిపించింది అక్కడే.

సారు: (కాసేపు ఆగి) ఆ పేజీ నేను చదివాను, దాటిపోయాను. నీవు ఇప్పుడు చెప్పినట్లు ఆ పుస్తకం చెప్పి ఉంటే దాటిపోయేవాణ్ణి కాను. చూడమ్మా, ప్రసూతిశాల అన్న మాట దగ్గర నీ గొంతు మారింది. ఆ మార్పు శాసనంలో లేదు, పరబ్రహ్మశాస్త్రి గారి వాక్యంలోనూ లేదు. అది నీలోంచి వచ్చింది. నవలాకారుడు చేసే పని కూడా అంతే కదా.

లెక్చరర్: కొంతవరకు అంతే. నేను ప్రసూతిశాల దగ్గర ఆగాను, కాని లేని ప్రసూతిశాలను కట్టలేదు.

సారు: సరే, కట్టడం గురించే మాట్లాడుకుందాం. దేవగిరి యుద్ధాన్ని తీసుకో. ఆ యుద్ధం గురించి నీ చరిత్రకు తెలిసిందెంత? దేవగిరి ఏలిన యాదవ రాజు మహాదేవుడి మంత్రి హేమాద్రి తన వ్రతఖండంలో, మా రాజు తెలుంగు రాజ్యం ఏనుగులనూ వాద్యాలనూ పట్టుకొచ్చాడు, రుద్రమను మాత్రం ఆడదని చంపకుండా వదిలాడు అని రాశాడు. మనవైపు ఏకామ్రనాథుడి ప్రతాపచరిత్ర దానికి సరిగ్గా తలకిందులుగా, రుద్రమదేవి మహాదేవుణ్ణి దేవగిరి దాకా తరిమి పరిహారంగా కోటి బంగారు నాణేలు వసూలు చేసిందని చెబుతుంది. ఎవరి రాజును వారు పొగిడారు. మీ సాక్షులే ఇలా ఉన్నప్పుడు నవలాకారుడు ఒకదాన్ని ఎంచుకొని కథ అల్లితే తప్పేమిటి? రాజుల దగ్గర జీతం తీసుకున్నవాడి పొగడ్తకన్నా నవలాకారుడి కల్పన నిజాయితీ కలదంటాను నేను. అతడు మొదటి పేజీలోనే ఇది నవల అని చెప్పి మొదలుపెడతాడు.

లెక్చరర్: ఇది మీరు వేసిన బలమైన ప్రశ్న. కాని చరిత్రకారుడు ఆ ఇద్దరి మధ్య నిలబడి చేతులు కట్టుకోడు సార్. మూడో సాక్షి కోసం వెతుకుతాడు. బీదరు కోటలో రుద్రమదేవి సామంతుడు భైరవుడి శాసనం దొరికింది, ఆమె బిరుదు రాయగజకేసరి అందులో ఉంది. యాదవుల నేలమీద ఆమె సామంతుడు శాసనం వేయించాడంటే, హేమాద్రి చెప్పిన గెలుపును అలాగే నమ్మడానికి వీల్లేదు. అలాగని కోటి నాణేల లెక్కను నమ్మాలని కూడా ఆ శాసనం చెప్పదు. ఎంతవరకు తెలుసో అంతవరకే చెప్పి ఆగడమే నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి. మార్కో పోలో విషయంలోనూ అంతే జరిగింది. మోటుపల్లి రేవున్న రాజ్యాన్ని ఏలే రాణి న్యాయం తప్పదని, అక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని అతడు రాసింది మనకు ఎంతో విలువైనది. భర్త చనిపోయిన నాటి నుంచి నలభై ఏళ్లుగా ఆమె రాజ్యం చేస్తోందని రాసింది మాత్రం తప్పు. ఆమె రాజ్యం భర్త నుంచి వచ్చింది కాదు, ఆమె గణపతిదేవుడి కూతురు. భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. ఒకే సాక్షి చెప్పిన ఒక మాట ఉంచుకొని, ఇంకో మాట వదిలేయాలంటే చాలా ఓపిక కావాలి.

సారు: ఓపిక ఉన్నవాళ్లు కూడా పొరబడ్డారు. రుద్రమదేవి 1295 దాకా రాజ్యం చేసిందని నేను పిల్లలకు పాఠం చెప్పాను. పాఠ్యపుస్తకంలో ఉన్నదే చెప్పాను.

లెక్చరర్: అవును, ఆ పొరపాటును దిద్దింది కూడా చరిత్రే. నకిరేకల్ దగ్గర చందుపట్లలో దొరికిన చిన్న శాసనం దాన్ని దిద్దింది. అందులో రాజులను పొగిడే ప్రశస్తి లేదు, బిరుదుల వరుస లేదు. తేదీ 1289 నవంబరు 27కు సరిపోతుంది. కాకతి రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్లారని, వారి పుణ్యం కోసం మల్లికార్జున నాయకుడి బంటు పువ్వుల ముమ్మడి అక్కడి దేవుడికి భూమి ఇచ్చాడని మాత్రమే ఉంది. రాణీ, సేనానీ ఒకేసారి పోయారంటే అది యుద్ధంలోనే అయి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడు ఆమె మీద తిరగబడిన కాలమది. ఆ లెక్కన ఆమె వయసు మళ్లిన తరువాత సైన్యం వెంట వెళ్లి చనిపోయింది. మీ నవలలన్నీ పట్టాభిషేకం, పెళ్లి, యౌవనంలోని యుద్ధం చుట్టూ తిరిగాయి. ఆమె జీవితంలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఒక బంటు వేయించిన రాతిమీద మిగిలింది.

సారు: బాపిరాజు 1952లో పోయాడమ్మా. ఈ రాయి చదివినవాళ్లు ఆయనకు తరువాతివాళ్లు. తెలియని దానికి ఆయనను తప్పుపట్టకు.

లెక్చరర్: ఆయనను తప్పుపట్టడం లేదు. ఆయన నవల దగ్గరే ఆగిపోయిన మనల్ని తప్పుపడుతున్నాను. కొత్త ఆధారం దొరికితే చరిత్ర పుస్తకం రెండో ముద్రణలో మారుతుంది. నవల మారదు, మారకూడదు కూడా. అందుకే పాఠకుడి చేతిలో ముందు చరిత్ర పెట్టాలంటాను. గన్నారెడ్డి నిజంగా ఎవరో తెలిసినవాడు నవల చదివితే బాపిరాజు ఊహ ఎంత గొప్పదో ఇంకా బాగా తెలుస్తుంది. తెలియనివాడు దాన్నే చరిత్ర అనుకుంటాడు.

సారు: నేను మాత్రం ముందు నవలే పెడతాను. పన్నెండేళ్ల పిల్లవాడికి నీవు మొదటి పుస్తకంగా శాసనాలు ఇస్తే, వాడు రెండో పుస్తకం అడగడు. ఇందులో నేను మారను. కాని ఒకటి మార్చుకుంటాను. ఇకనుంచి నవల ఇచ్చినప్పుడు అట్ట లోపల ఒక కాగితం పెట్టి, గన్నయ రాయచూరు శాసనం సంగతి, చందుపట్ల తేదీ రాసి ఇస్తాను. ఆ రెండు మాటలూ నీవే రాసి పెట్టు. అది సరే, ఆ పువ్వుల ముమ్మడి గురించి ఇంకేమైనా తెలుసా? పెళ్లాం బిడ్డలు ఉన్నారా? యుద్ధంలో ఉన్నాడా, కబురు విని వచ్చాడా?

లెక్చరర్: నేను చదివిన దాంట్లో అంతకుమించి లేదు సార్. యజమాని పేరు, తన పేరు, ఇచ్చిన భూమి, అంతే.

సారు: యజమాని పోయాక భూమి ఇచ్చాడంటే అది జీతం కోసం చేసిన పని కాదు. ఆ రోజు చందుపట్ల పొలాలు ఎలా ఉండి ఉంటాయి? నవంబరు చివర అంటే మార్గశిరం.

లెక్చరర్: వరి కోతల కాలం సార్. చెరువు కింద పొలమైతే కుప్పలు వేస్తూ ఉంటారు.

సారు: కోతల మధ్యలో కబురు వచ్చిందన్నమాట. ఆ కాగితంతోపాటు శాసనం పూర్తి పాఠం కూడా నాకు తెచ్చిపెట్టమ్మా, అక్షరం వదలకుండా.