మస్టాంగ్ వెనక చక్రం మీద కాపురమున్న లప్పం గారికి

కారు బాడీ మీద సొట్టలూ చిల్లులూ పూడ్చే లప్పం గారూ, నమస్కారం. బాగున్నారా అని అడగను, బాగానే ఉంటారు, మీకేం తక్కువ. మా బావ కొన్న 1967 ఫోర్డ్ మస్టాంగ్ కారు వెనక చక్రం పైన అంగుళం మందాన పరుచుకుని, మీద ఎర్ర పెయింట్ దుప్పటి కప్పుకుని ఎన్నేళ్ళుగా పడుకున్నారో ఏమో. మిషిగన్‌లో మా బావ గరాజ్‌లో గ్రైండర్ పెట్టగానే నిప్పురవ్వలు వస్తాయనుకుంటే గులాబీ రంగు పిండి రాలింది, మా అక్క వచ్చి చూసి ఒరేయ్ ఏంట్రా ఇది, కారుకి కూడా మేకప్పా అంది.

అందరూ తుప్పుని తిడుతుంటారు, నాకైతే దాని మీద ఏ కోపమూ లేదండీ. ఇనుముంది, నీళ్ళున్నాయి, గాలుంది, పైగా చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లారు, దాని పని అది చేసుకుంది. పెయింట్ కింద బుడగలు లేపి మరీ నేనున్నా చూసుకోండి అని చెప్తుంది. ఆ ఉప్పు సంగతి ఇంకా బాగుంటుంది, డెట్రాయిట్ కింద 1,100 అడుగుల పైన లోతులో పెద్ద ఉప్పు గని ఉంది, 1910 లో తియ్యడం మొదలుపెట్టారు. పైన కార్లు చేసేదీ ఆ ఊరే, కింద వాటిని తినేసే మందు తవ్వేదీ ఆ ఊరే, ఇంత చక్కటి వ్యాపారం ఇంకెక్కడైనా ఉందా?

మీ తీరు వేరు కదా. మీకు ముందు సీసం కరిగించి పూసేవాళ్ళు, దానికి చెయ్యి తిరిగిన మేస్త్రీ కావాలి. 1950ల్లో మీరొచ్చారు, పాలిస్టర్ రెజిన్, టాల్క్ పొడి, దాంట్లో కొంచెం హార్డెనర్ పిసికితే నిమిషాల్లో గట్టిపడిపోతారు, దాంతో పని రాని ప్రతివాడూ టింకరింగ్ మేస్త్రీ అయిపోయాడు. టాల్క్ అంటే మొహానికి కొట్టుకునే పౌడర్ లోదే, వంశం ఎక్కడికి పోతుంది. పైగా మీరు తేమ పీలుస్తారు, వెనకాల చీకట్లో రేకు పూర్తిగా పోయినా ముందు మాత్రం మీరు నున్నగా, తళతళా. పైన పటారం లోన లొటారం. మిమ్మల్ని చెక్కుతూ పోతే లోపల ఏం దొరికాయో తెలుసా, ఇనుప జాలీ ముక్క, పాప్ రివెట్లు కొట్టిన ఇంకేదో రేకు, నలిపి కుక్కిన న్యూస్‌పేపరు. ప్రకటనలో మాత్రం సాలిడ్ కారు, కొంచెం పైపైన తుప్పు అంతే అని రాశాడు అమ్మినాయన. ఆయన మాట అబద్ధం కాదులెండి, మీరు చాలా సాలిడ్. ఫ్రిజ్ మాగ్నెట్ పెడితే టప్పున కింద పడింది, ఆ ఒక్క వస్తువే మీ మాట నమ్మలేదు.

(ఈ మస్టాంగ్‌ని మజిల్ కార్, అంటే పెద్ద ఇంజిన్ బలిసిన కారు, అనకూడదు, పోనీ కార్, అంటే చిన్నసైజు షోకు కారు, అనాలి అని పాఠం చెప్పే పెద్దలకి ఒక దండం. 1967 లోనే దీంట్లో 390 బిగ్ బ్లాక్ అనే భారీ ఇంజిన్ పెట్టడం మొదలెట్టారు, ఆ శబ్దం విన్నాక ఏమని పిలిస్తే ఏంటి.)

ఇక అసలు రోగం మీ దగ్గర లేదు, అద్దం కింద వైపర్ల దగ్గరుంది, కౌల్ అంటారు. చిల్లుల్లోంచి వాన నీళ్ళు దిగి, ఆకులూ చెత్తా పేరుకుని, అక్కడే నానుతూ ఉంటాయి, చివరికి కాళ్ళ దగ్గర కార్పెట్ తడుస్తుంది, ఓనరేమో హీటర్ లీకవుతోందనుకుంటాడు. బాగుచెయ్యాలంటే స్పాట్ వెల్డ్‌లు ఒక్కోటీ డ్రిల్ చేసి పై రేకు ఎత్తాల్సిందే. దీనికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది, యూనిబాడీ అంటారు, అందుకే ఫ్లోరూ, తలుపుల కింది రాకర్లూ, వాటిని ముందు దూలాలకి కలిపే టార్క్ బాక్సులూ కుళ్ళితే కారే కుంగుతుంది, తలుపులు సరిగ్గా పడవు. డిక్కీ నేల కూడా చాలావరకు పెట్రోల్ ట్యాంక్ పైభాగమే! ఇలాంటి చోట్ల కూడా మిమ్మల్ని పూసి పంపిన మహానుభావులు ఉన్నారు, బరువు మోసేది మీరా?

సరే, మీరు పడుకున్న ఆ వెనక చక్రం పక్క రేకు, క్వార్టర్ ప్యానెల్ అంటారు, కోసేశాం. కొత్తది పెట్టి, ఇక్కడో చుక్క అక్కడో చుక్క వెల్డ్ చేస్తూ, ఆగుతూ, చల్లారనిస్తూ వెళ్తున్నాం, తొందరపడితే వేడికి రేకు అలలు తిరిగిపోతుంది. అంతా అయ్యాక గ్రైండ్ చేసి, తుప్పు పట్టకుండా ఎపాక్సీ ప్రైమర్ పూత కొట్టి, ఆ అతుకు కనపడకుండా చెయ్యడానికి చివర్లో మళ్ళీ ఎవరు కావాలో చెప్పండి. మీరే. అందుకే ఈ ఉత్తరం, ఈసారి వస్తే పల్చగా రండి, రెండు మిల్లీమీటర్ల లోపు, ఎక్కువ సామాను తెచ్చుకోకండి.

బావ ఆల్రెడీ మీ గాలన్ డబ్బా కొనేశాడు. ఎందుకంత అంటే సేల్‌లో ఉంది అన్నాడు, మిగిలింది ఎక్కడ దాచాలో తను చూసుకుంటానంది అక్క.

ఇట్లు,
గ్రైండర్ పట్టుకున్న బావమరిది