జూన్ 30వ తేదీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జూన్ 30వ తేదీ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ సీజన్ మే నెలలోనే ముగిసిపోతుందని అభిమానులు అమాయకంగా నమ్ముతున్నారు గానీ, చాలా క్లబ్బులు అసలు పోటీని ఆ తర్వాతే, పద్దులు మూసే తమరి సమక్షంలోనే ఆడుతున్నాయి.

ఏ క్లబ్బూ మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోరాదన్న లీగ్ నిబంధన ఉద్దేశం మంచిదే. తమరి లీలలన్నీ లెక్క కట్టే పద్ధతిలోనే ఉన్నాయి. ఐదేళ్ల ఒప్పందంతో ఒక ఆటగాణ్ని 10 కోట్లకు కొంటే, పద్దులో ఏటా 2 కోట్ల ఖర్చే పడుతుంది. మూడేళ్ల తర్వాత అతణ్ని 6 కోట్లకు తెగనమ్మితే, అప్పటికి పుస్తకంలో మిగిలిన విలువ 4 కోట్లే గనుక, 2 కోట్లు లాభం వచ్చినట్టు! చెల్సీ క్లబ్బు ఈ కిటుకును ఔపోసన పట్టి ముడ్రిక్ అనే ఆటగాడికి ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం రాసిచ్చిన తర్వాత గానీ, ఖర్చును ఐదేళ్లకు మించి పంచరాదని పెద్దలకు తోచలేదు. అదే క్లబ్బు తన రెండు హోటళ్లను 7.65 కోట్ల పౌండ్లకు అమ్మింది. కొన్నది పరాయివారనుకునేరు, సొంత గూటిలోని సోదర సంస్థే.

క్లబ్బులు తామే శిక్షణ ఇచ్చి పెంచే అకాడమీ పిల్లలపై తమరికున్న వాత్సల్యం మరీ గొప్పది. వాళ్లను పెంచిన ఖర్చు నష్టాల లెక్కలోకి రాదు, డబ్బు పెట్టి కొనలేదు గనుక పుస్తకంలో వాళ్ల విలువ సున్నా, కాబట్టి అమ్మితే వచ్చినదంతా లాభమే. అందుకే 2024లో తమరి రాక సమీపించగానే, చిన్ననాటి నుంచి తన దగ్గరే పెరిగిన ఇలియట్ ఆండర్సన్‌ను న్యూకాజిల్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు అమ్ముకుంది. ఆ రోజుల్లోనే ఆస్టన్ విల్లా క్లబ్బు నుంచి ఇరోగ్‌బునమ్ అనే ఆటగాడు ఎవర్టన్ క్లబ్బుకూ, ఎవర్టన్ నుంచి డాబిన్ అనే ఆటగాడు ఆస్టన్ విల్లాకూ వెళ్లారు. కుండమార్పిడి పెళ్లిలా ఇరువైపులా శుభమే జరిగింది.

తమరిని లక్ష్యపెట్టనివారి గతి కూడా లోకానికి తెలుసు. తన ఆటగాడు బ్రెనన్ జాన్సన్‌కు మంచి ధర వస్తుందని ఆగి, 2023 సెప్టెంబరు 1న టాటెన్‌హామ్‌కు అమ్మిన ఫారెస్ట్ ఆ సంగతి ఎంత మొరపెట్టుకున్నా, తమరు దాటిపోయాక వచ్చిన సొమ్ము చెల్లదన్నారు. నష్టాల హద్దు దాటినందుకు 4 పాయింట్లు కోశారు. మరోవైపు, అదే 2023లో తమరు వేంచేసేసరికే లెస్టర్ కింది లీగ్‌కు పడిపోయింది గనుక, నష్టాల విషయంలో దాన్ని విచారించే అధికారం ప్రీమియర్ లీగ్‌కు లేదని అప్పీలు మండలి తేల్చింది. ఓడి దిగజారడం కూడా ఒక రక్షణ కవచమేనని తమరి దయ వల్లనే తెలిసింది.

2026-27 నుంచి జట్టు ఖర్చు ఆదాయంలో 85 శాతానికి మించరాదనే కొత్త పద్ధతికి మారాలని క్లబ్బులు తీర్మానించాయని విని తమరు దిగులు పడనక్కరలేదు. ఆటగాళ్ల అమ్మకపు లాభం ఆ లెక్కలోనూ కలుస్తుంది.

ఇట్లు,
గోల్స్ కన్నా ముందు బ్యాలెన్స్ షీట్ చదవడం నేర్చుకున్న ఒక అభిమాని